స్టాలు ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మన తెలుగు సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మొన్న శనివారం వాట్సాప్ గ్రూపులో ఉగాది సంబరాల ఫ్లయర్ పెట్టారు. పంచాంగ శ్రవణం, పిల్లల కూచిపూడి, పాటలు, పచ్చడి, భోజనాలు, అన్నీ బాగున్నాయి. కింద స్పాన్సర్ల వరసలో రియల్టర్ గారి ఫొటోకీ బిర్యానీ హోటల్ బొమ్మకీ మధ్య ఈసారి ఒక కొత్త లోగో కనిపించింది. ఆన్‌లైన్ ఆర్ట్ అండ్ డిజైన్ అకాడమీ అట. యానిమేషన్, గేమ్ డిజైన్, యూఐ యూఎక్స్ (యాప్‌ల, వెబ్‌సైట్ల తెరల డిజైన్) నేర్పుతారట. హాలు గుమ్మం పక్కనే వాళ్ల స్టాలు. కూచిపూడికీ లక్కీ డ్రాకీ మధ్య స్టేజీ మీద పది నిమిషాలు. లక్కీ డ్రా కూపన్ కావాలంటే వాళ్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పేరు, ఫోన్ నంబరు, ఇంట్లో పిల్లల వయసులు నింపాలట.

ఆ కూపన్ సంగతి చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆ అకాడమీవాళ్లను మోసగాళ్లని నేను అనడం లేదు. మంచివాళ్లే కావచ్చు. నా మాట మీతో. ఇలాంటి చదువుల దుకాణం ఒకదాంట్లో నేను నాలుగేళ్లు పనిచేశాను. కౌంటర్ వెనక నిలబడ్డ మనిషిగా రాస్తున్నాను.

మీలో చాలామందికి నేను రంగవల్లుల పోటీలో మార్కులు వేసే ఆవిడగానే తెలుసు. మా నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు ఇంట్లోనే పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పేవారు. నేను హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో అప్లయిడ్ ఆర్ట్ చదివాను. అందులో సీటు కావాలంటే పరీక్షలో బొమ్మ వేయాలి. మెమరీ డ్రాయింగ్ అని ఉండేది. నాకు బస్టాండు ఇచ్చారు. తెనాలి బస్టాండులో జామకాయలమ్మే ముసలమ్మని వేసి సీటు తెచ్చుకున్నాను. ఆ ఏడు సీటు రానివాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికెళ్లారు, మళ్లీ ఏడు వచ్చి రాశారు. సీటు ఇవ్వకపోవడం కూడా కాలేజీ చేసే మేలే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పెళ్లయి 2001లో హెచ్‌4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాని ఆనుకుని వచ్చే వీసా మీద, ఇక్కడికి, అమెరికాకి వచ్చాను. ఎనిమిదేళ్లు ఇంట్లోనే. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన ఏడాదే ఒక ఆన్‌లైన్ కాలేజీలో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. ఫౌండేషన్ డ్రాయింగ్ చెప్పాలి. దాని పేరు చెప్పను. కింద నేను పేర్లతో రాసేవన్నీ ప్రభుత్వ రికార్డుల్లో, కోర్టుల్లో ఉన్న విషయాలు. నేను పనిచేసింది వాటిలో లేదు, అది వేరే చిన్న సంస్థ.

మొదటి వారం అసైన్‌మెంటు కోడిగుడ్డు. తెల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డు, ఒక్క పక్క నుంచి దీపం. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది కానీ, నేర్చుకునేదంతా అందులోనే ఉంది. గుడ్డు అడుగున, నీడలోనే, గుడ్డ మీది వెలుతురు తిరిగి పడి ఒక సన్నటి లేత చార కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని కాగితమంత తెల్లగా వదిలేస్తారు. అప్పుడు గుడ్డు కాస్తా అప్పడంలా అయిపోతుంది. క్లాసులో అయితే మాస్టారు వెనక నిలబడి, పెన్సిల్ తీసుకుని, 'కళ్లు సగం మూసి చూడమ్మా' అంటారు. అంతే, రెండు నిమిషాల పని.

నాకు వచ్చేవి ఫోన్‌తో తీసిన ఫొటోలు. ఒకామె పంపింది రాత్రి వంటింట్లో పసుపుపచ్చ బల్బు కింద తీసినట్టుంది. పెన్సిల్ నీడ ఎక్కడ ఆగిందో, కాగితం మీద పడ్డ ఫోన్ నీడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. పగలు కిటికీ దగ్గర ఇంకో ఫొటో తీసి పంపమని రాశాను. పగలు నిద్రపోతానని జవాబిచ్చింది. గిడ్డంగిలో నైట్ షిఫ్టు. రాత్రి రెండింటికి బ్రేక్‌లో క్యాంటీన్ బల్ల మీద కూర్చుని వేస్తోందట. మానలేదు. పదో వారంలో వాళ్లబ్బాయి విప్పి పడేసిన బూట్ల బొమ్మ పంపింది. లేసు ఒకటి ఊడి పక్కకి పడి ఉంది, మడమ దగ్గర తోలు ముడతలు పడి ఉంది. ఆ బొమ్మ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

దాంతో పాటే అడిగింది, 'ఈ డిగ్రీ అయితే నాకు యానిమేషన్‌లో ఉద్యోగం వస్తుందా మేడమ్?' అని.

నేను కోఆర్డినేటర్‌ని అడిగాను. అలాంటి ప్రశ్నలకు టీచర్లు జవాబివ్వకూడదు, కెరీర్ సర్వీసెస్‌కి పంపాలి, అని ఒక పేరా వచ్చింది. ఆ పేరానే కాపీ చేసి ఆమెకు పంపాను. 'అమ్మా, నీ ఊళ్లో తక్కువ ఫీజుతో నడిచే ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ ఉంటుంది, సాయంత్రం క్లాసు ఉంటుంది, ముందు అక్కడ ఒక ఏడాది చూసుకో' అని రాయాల్సింది. రాయలేదు. కొత్త ఉద్యోగం, పోతుందేమోనని టెన్షన్.

ఇంకో సంగతి. ప్రతి సోమవారం మాకు ఒక ఎక్సెల్ షీటు వచ్చేది. వారం నుంచి లాగిన్ కాని పిల్లల పేర్లు ఎర్రరంగులో ఉండేవి. వాళ్లకు ఫోన్ చేయాలి, బతిమాలాలి, ఒక్క కామెంటైనా పెట్టించాలి. పాపం పిల్లల మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. అయితే పన్నెండు వారాల టర్ములో ఎనిమిదో వారం దాటాక ఆ షీటు రావడం మానేసేది. ఎందుకో రెండో ఏడాది కూడా అర్థం కాలేదు. తర్వాత తెలిసింది: ఫెడరల్ లోన్ల (అమెరికా కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకిచ్చే అప్పుల) నియమం ప్రకారం పిల్లవాడు టర్ములో 60 శాతం గడిపాడంటే ఆ టర్ము లోను మొత్తానికి లెక్క కుదిరినట్టే. ఆ తర్వాత పిల్లవాడు మానేసినా కాలేజీ ప్రభుత్వానికి తిరిగి కట్టక్కర్లేదు. పన్నెండు వారాల్లో 60 శాతం ఎంతో మీరే లెక్కేసుకోండి.

మనకు ఇదేం కొత్త కాదు. మా తమ్ముడు గుంటూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసేవాడు. ఏప్రిల్, మే వచ్చిందంటే పాఠం బంద్, పాంప్లెట్ల సంచీ భుజానికి. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జూన్ జీతం. టెన్త్ రిజల్ట్స్ రాకముందే గడప తొక్కే పీఆర్వోలను చూడని తెలుగు ఇల్లు ఉందా? ఇక్కడ ఆ పీఆర్వోకే 'అడ్మిషన్స్ అడ్వైజర్' అని పేరు. ఎండలో తిరగడు, హెడ్‌సెట్ పెట్టుకుంటాడు. అదొక్కటే తేడా.

ఇప్పుడు పిట్స్‌బర్గ్ కథ చెప్తాను. మనకు పిట్స్‌బర్గ్ అంటే పెన్ హిల్స్ కొండ మీది వెంకన్న గుడి. 1970ల్లో కట్టారు, మనలో ఎంతమంది పిల్లలకు అక్కడ పుట్టువెంట్రుకలు తీయించామో. ఆ గుడి నుంచి అరగంట డ్రైవ్‌లో, డౌన్‌టౌన్‌లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పిట్స్‌బర్గ్ ఉండేది. 1921లో పెట్టిన బడి. ఇలస్ట్రేషన్, వాణిజ్య చిత్రకళ నేర్పి, చుట్టుపక్కల అడ్వర్టైజింగ్ ఆఫీసులకు మనుషుల్ని ఇచ్చిన బడి. 1970లో ఎడ్యుకేషన్ మేనేజ్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ దాన్ని కొంది. ఆ తర్వాత ఊరూరా ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లు లేచాయి, చివరికి దాదాపు 50 అయ్యాయి. 2000 ప్రాంతంలో పిట్స్‌బర్గ్ బడికే ఒక ఆన్‌లైన్ విభాగం పెట్టారు.

ఆన్‌లైన్ అంతలా పెరగడానికి ఒక చట్టం అడ్డు తీసింది. సగానికి మించి కోర్సులు దూరవిద్యలో నడిపే కాలేజీకి ఫెడరల్ లోన్లు ఇవ్వకూడదని 1992లో నియమం పెట్టారు. పోస్టులో పాఠాలు పంపి లోన్లు మింగేసే కాలేజీల బాధ పడలేక పెట్టిన నియమం అది. 2006లో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది గోల్డ్‌మన్ శాక్స్, ప్రావిడెన్స్ ఈక్విటీ లాంటి పెట్టుబడిదారులు కలిసి ఆ పిట్స్‌బర్గ్ కంపెనీని దాదాపు 340 కోట్ల డాలర్లకు కొన్నారు. గోల్డ్‌మన్ శాక్స్‌కి చార్‌కోల్ డ్రాయింగ్ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టిందని నేననుకోను.

లాభం ఎక్కడుందో చూడండి. స్టూడియో అక్కర్లేదు, మోడల్‌కి డబ్బివ్వక్కర్లేదు, నాలాంటి పార్ట్‌టైమ్ టీచర్‌కి కోర్సుకి ఇంత అని ఇస్తే చాలు. ఫీజు మాత్రం పూర్తి ఫీజే. కట్టేది ప్రభుత్వం, తీర్చాల్సింది పిల్లవాడు. కాలేజీ ఆదాయంలో 90 శాతం దాకా ఫెడరల్ విద్యార్థి సాయం నుంచే రావచ్చని చట్టమే ఒప్పుకుంది. సైనికులకు వచ్చే చదువు డబ్బు అప్పట్లో ఆ 90లోకి వచ్చేది కాదు కాబట్టి, మిగతా పది శాతం కోసం మిలటరీ నుంచి వచ్చినవాళ్ల వెంటపడ్డారు. ఆ సందు మూయడానికి 2021 దాకా పట్టింది.

ఇక కళే ఎందుకు అంటారా? నర్సింగ్ చదివి నర్సు కాకపోతే అందరికీ తెలుస్తుంది. బొమ్మలు నేర్చుకుని ఆర్టిస్టు కాకపోతే 'నాలోనే టాలెంట్ లేదేమో' అని పిల్లవాడు తన మీదే వేసుకుంటాడు. అమ్మేవాడికి ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? అప్పట్లో టీవీలో వెస్ట్‌వుడ్ కాలేజీ యాడ్ ఒకటి వచ్చేది. ఇద్దరు కుర్రాళ్లు సోఫాలో కూర్చుని గేమ్ ఆడుతుంటారు, మూడో లెవెల్లో గ్రాఫిక్స్ కాస్త బిగించాలి అనుకుంటారు, అదే ఉద్యోగమట. గేమ్ పరిశ్రమలో పనిచేసేవాళ్లు దాన్ని చూసి ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. ఆ కాలేజీ 2016లో మూతపడింది.

ఒక్కో విద్యార్థిని చేర్పించినందుకు ఇంత అని కమిషన్ ఇవ్వకూడదని 1992 చట్టంలోనే ఉంది. 2002లో దానికి కొన్ని మినహాయింపులు తెచ్చారు. జీతం కేవలం అడ్మిషన్ల సంఖ్య మీదే ఆధారపడకపోతే చాలన్నారు. దాంతో ప్రవర్తన, పనితనం అంటూ కాగితం మీద నాలుగు గళ్లు పెట్టి, లెక్క మాత్రం తలలదే చూశారన్నది ఆరోపణ. ఆ ఆన్‌లైన్ విభాగంలోనే అడ్మిషన్స్ చూసిన ఉద్యోగిని ఒకామె 2007లో పిట్స్‌బర్గ్ ఫెడరల్ కోర్టుకెక్కింది. 2011లో అమెరికా న్యాయశాఖ ఆ కేసులో కలిసింది. కంపెనీకి చేరిన ప్రభుత్వ సొమ్ము 1,100 కోట్ల డాలర్ల పైమాటేనని లెక్క తేల్చింది. 2015 నవంబరులో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 9.55 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. వేరే ఒప్పందం కింద దాదాపు 80 వేల మంది పాత విద్యార్థులు తనకు నేరుగా కట్టాల్సిన 10.28 కోట్ల డాలర్ల బాకీ వదులుకుంది. అప్పటి అటార్నీ జనరల్ లొరెట్టా లించ్ ఆ కంపెనీని 'రిక్రూట్‌మెంట్ మిల్లు' అన్నారు. మన భాషలో చెప్పాలంటే తలలు పోసి ఫీజు పిండే మిల్లు.

వాళ్లొక్కరే అలా ఉంటే వేరే మాట. 2012లో సెనేటర్ టామ్ హార్కిన్ కమిటీ లాభం కోసం కాలేజీలు నడిపే 30 కంపెనీల లెక్కలు తీసి రిపోర్టు ఇచ్చింది. 2009 సంవత్సరానికి ఆదాయంలో ప్రచారం, అడ్మిషన్ల ఖర్చు 22.7 శాతం. లాభం 19.4 శాతం. పాఠం చెప్పడానికి 17.2 శాతం. 2010లో పిల్లల్ని చేర్పించే ఉద్యోగులు 35,202 మంది, చదివినవాళ్లకు ఉద్యోగం వెతికిపెట్టేవాళ్లు 3,512 మంది. పది మంది పిలుస్తారు, ఒక్కడు సాగనంపుతాడు. ఇదీ ఆ ఇంటి మర్యాద. రెండేళ్ల డిగ్రీకి వాళ్లు తీసుకున్నది అలాంటి కమ్యూనిటీ కాలేజీ ఫీజుకి సగటున నాలుగు రెట్లు.

మీలో చదువు మీద ఖర్చుపెట్టినవాళ్లే అందరూ. ఆ మూడు శాతాలు ఇంకోసారి చూడండి. నేను అడగబోయే ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది.

పడిపోయిన తీరు ఇంకా ఘోరం. 2017లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లను, వాటితో పాటు ఆర్గోసీ యూనివర్సిటీని లాస్ ఏంజిలెస్‌లోని డ్రీమ్ సెంటర్ అనే క్రైస్తవ సేవాసంస్థ దాదాపు 6 కోట్ల డాలర్లకు తీసుకుంది. లాభాల కాలేజీ అన్న మచ్చ రాత్రికి రాత్రి పోయింది, బోర్డు మీద 'నాన్‌ప్రాఫిట్' చేరింది. ఇన్ని కాలేజీలు నడిపిన అనుభవం ఆ సంస్థకు లేదు. 2018 జనవరిలో కొలరాడోలో, ఇల్లినాయిలో ఉన్న బడులకు గుర్తింపు పోయింది. పిల్లలకు ఆ సంగతి జూన్ దాకా చెప్పలేదు. ఆ నెలలన్నీ ఫీజులు కట్టి, లోన్లు తీసుకుని, చెల్లని క్రెడిట్ల కోసం రాత్రిళ్లు మేలుకుని ప్రాజెక్టులు చేశారు. 2019 జనవరిలో సంస్థ కోర్టు నియమించిన అధికారి (రిసీవర్) చేతికి పోయింది. అద్దెలకీ తిండికీ ఆర్గోసీ విద్యార్థుల చేతికి చేరాల్సిన లోను మిగులు దాదాపు 1.3 కోట్ల డాలర్లు వాళ్లకు అందలేదు. మార్చిలో ఆర్గోసీ, పిట్స్‌బర్గ్ బడి, దాని ఆన్‌లైన్ విభాగం అన్నీ మూతపడ్డాయి. 1921లో పెట్టిన బడికి నూరేళ్లు నిండటానికి రెండేళ్లే తక్కువ. మిగిలిన ఎనిమిది క్యాంపస్‌లు ఇంకో చేతికి మారి ఈడ్చుకొచ్చాయి. 2023 సెప్టెంబరు 30న అవీ పోయాయి. అప్పటికి చదువుతున్న దాదాపు 1,700 మందికి దాదాపు వారం ముందే ఈమెయిల్ వచ్చింది.

ఇప్పుడు మాఫీ సంగతి. 2024 మే 1న అమెరికా విద్యాశాఖ 610 కోట్ల డాలర్ల లోన్లు రద్దు చేస్తున్నట్టు చెప్పింది. 2004 జనవరి 1కీ 2017 అక్టోబరు 16కీ మధ్య ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లలో చేరిన 3,17,000 మందికి. ప్రచారంలో ఆరు నెలల్లో 80 శాతం పైగా పిల్లలకు చదివిన రంగంలోనే ఉద్యోగాలొస్తాయన్నారు. ప్రభుత్వం లెక్క తీస్తే 57 శాతం కూడా లేదు. సగటు జీతం పెంచి చూపించడానికి ఒక క్యాంపస్ సెరీనా విలియమ్స్ ఆదాయాన్ని కూడా కలిపేసింది. అవును, టెన్నిస్ సెరీనాయే. ఆవిడ అక్కడ ఫ్యాషన్ చదివింది కాబట్టి అబద్ధం కాదు కదా అనుకున్నారేమో.

ఇన్నాళ్లకైనా న్యాయం జరిగింది కదా అంటారు. కార్యవర్గం గారూ, ఈ ఉత్తరంలో అసలు మాట ఇక్కడుంది. ఆ మాఫీ ఫెడరల్ లోన్లకే. నగదు కట్టినవాళ్లకు, క్రెడిట్ కార్డు గీకినవాళ్లకు, ప్రైవేటు బ్యాంకు లోను తీసుకున్నవాళ్లకు ఆ ప్రకటనలో ఏమీ లేదు. మన స్టాలు ముందు నిలబడేది ఎవరు? వీసా మీద ఉన్నవాళ్లు. హెచ్‌4 మీద ఉన్న ఆడపిల్లలు. వాళ్లకు ఫెడరల్ లోను రాదు. అంటే, రేపు ఆ కాలేజీ బోర్డు తిప్పేస్తే విద్యాశాఖ మాఫీ తలుపు వాళ్లకు తెరుచుకోదు. పైగా ఈ రోజుల్లో వచ్చే అకాడమీల్లో చాలావాటికి డిగ్రీ లేదు, సర్టిఫికెట్టే. సర్టిఫికెట్ అమ్మేవాడు ఫెడరల్ లోన్ల జోలికి పోకపోతే విద్యాశాఖ కన్ను అటు పడనే పడదు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పిల్లలకు అన్యాయం జరిగిందని తేల్చడానికి పదేళ్లు పైన పట్టినా, తేల్చేవాడంటూ ఒకడున్నాడు. మనవాళ్లకు విద్యాశాఖలో ఆ ఒక్కడు కూడా లేడు.

హెచ్‌4 సంగతి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున ఆయన ఆఫీసుకెళ్లాక, గిన్నెలు తోమాక, సింకు ముందు నిలబడి 'నేను కూడా ఏదో ఒకటి' అనుకోవడం ఎలా ఉంటుందో తెలుసు. ఆ మాట నోట్లోంచి రాకముందే పట్టుకునేవాడు మంచి సేల్స్‌మన్. ఐటీటీ టెక్ అనే కంపెనీ తన మనుషులకు ఇచ్చిన ట్రైనింగులో 'పెయిన్ ఫనెల్' అని ఒక బొమ్మే ఉందని హార్కిన్ కమిటీ బయటపెట్టింది. ఎదుటివాళ్ల బాధ ఎక్కడుందో తవ్వి, ఇంకా తవ్వి, ఏడుపు దాకా తెచ్చి, అప్పుడు ఫారం ముందు పెట్టాలట.

ఉద్యోగాల సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అందులో మన ఊరుంది. ఇక్కడి ఆర్ట్ కాలేజీలు విజువల్ ఎఫెక్ట్స్ ఉద్యోగాలు చూపించి పిల్లల్ని చేర్చుకుంటున్న ఆ ఏళ్లలోనే, ఆ పనిలో మొదటి మెట్టు ఉద్యోగాలు, రోటో (ఒక్కో ఫ్రేములో మనిషి చుట్టూ గీత గీసి వేరుచేయడం), పెయింట్ (అక్కర్లేనివి చెరిపేయడం) లాంటివి, ఇండియాకి తరలిపోతున్నాయి. లాస్ ఏంజిలెస్ స్టూడియో రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాద్‌లో ఆఫీసు ఉండేది. నా కాలేజీ జూనియర్లు ఇద్దరు అందులో చేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ స్టూడియో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ స్టూడియో పనిచేసిన సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ తెచ్చిన స్టూడియోకే దిక్కులేని రోజుల్లో నా నైట్ షిఫ్టు విద్యార్థినికి కెరీర్ సర్వీసెస్ ఏం చెప్పిందో!

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఫెడరల్ అధికారుల దాడి జరిగినప్పుడు మన సంఘాలన్నీ ఎంత పరుగులు పెట్టాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ చదివినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. కొందరి కాళ్లకు రేడియో కడియాలు వేశారు. లాయర్లను వెతికాం, చందాలు పోగుచేశాం. అది వీసాల వ్యాపారం, ఇది వేరే, నాకు తెలుసు. కానీ అప్పుడు ఫోన్లన్నీ సంఘానికే వచ్చాయి. రేపు స్టేజీ ఇచ్చింది కూడా సంఘమే అయితే ఆ ఫోన్ ఎత్తి ఏం చెప్తారు?

ఆన్‌లైన్ అంటేనే చెడ్డదనను. కరోనా రోజుల్లో నేనే ఒక జపాన్ ఆర్టిస్టు దగ్గర వాటర్‌కలర్ నేర్చుకున్నాను. ఎనిమిది మందిమి. ఆయన కెమెరా కాగితం మీద పెట్టి, మా కాగితాలు మమ్మల్ని చూపించమని, 'నీళ్లు ఎక్కువైంది, ఆగు' అనేవాడు. మధ్యలో ఎవరూ లేరు. అలాగే, మీ అమ్మాయి బొమ్మలు వేస్తానంటే 'చూశావా ఆర్ట్ కాలేజీలన్నీ మూతపడ్డాయి, కంప్యూటర్ సైన్స్ చదువు' అనడానికి ఈ ఉత్తరం వాడొద్దు. పిట్స్‌బర్గ్‌లో బొమ్మలు వేయడం ఫెయిలవ్వలేదు. ఆ బడి మొదటి యాభై ఏళ్లు బొమ్మలు నేర్పే బతికింది.

అందుకని అడుగుతున్నాను. స్టాలు ఇచ్చే ముందు ఆ అకాడమీకి కార్యవర్గం లెటర్‌హెడ్ మీద ఒకే ప్రశ్న రాయండి: మీ దగ్గర చేర్పించే మనుషులు ఎంతమంది, వాళ్లకు జీతం దేన్నిబట్టి, నేర్పే మనుషులు ఎంతమంది, వాళ్లకు జీతం ఎంత? అడగడానికి నాలుగు ముక్కలుగా ఉన్నా అది ఒక్క ప్రశ్నే. జవాబు కాగితం మీద రావాలి, ఫోన్లో కాదు. జవాబు వస్తే ఫ్లయర్‌లోనే వేసేయండి, చదువుకున్నవాళ్లం, మేం చూసుకుంటాం. రాకపోతే, వాళ్ల స్పాన్సర్‌షిప్ లేకపోయినందుకు తగ్గేది ఒక పూట టిఫిన్ ఖర్చు. ఆ డబ్బు నేనూ, ఇంకో నలుగురమూ వేసుకుంటాం. పేర్లు కోశాధికారి గారికి విడిగా పంపాను.

స్టేజీ మీద ఆ పది నిమిషాలు మాత్రం జవాబు వచ్చినా ఇవ్వొద్దు. కూచిపూడి వేసి దిగిన పిల్ల ఇంకా గజ్జెలతోనే ఉంటుంది, తల్లి కళ్లు తడిగా ఉంటాయి. ఆ క్షణంలో ఎవరేం అమ్మినా కొంటాం.

లక్కీ డ్రా కూపన్‌కి ఫోన్ నంబరు, పిల్లల వయసులు అడిగే పద్ధతి ఈ వారంలోనే తీసేయండి. ఆ నంబర్లు ఒకసారి చేరితే మరి ఆగవు. మా తమ్ముడి సంచీలో ఉన్నదీ అలాంటి లిస్టే, స్కూలు గుమాస్తాకి ఏదో ఇచ్చి తెచ్చుకున్నది.

చివరగా ఒక విన్నపం. ఆ రోజు నాకు హాల్లో ఒక బల్ల కావాలి. గుమ్మం దగ్గర అక్కర్లేదు, పులిహోర కౌంటర్ వెనక కిటికీ పక్కన చాలు, అక్కడ వెలుతురు బాగుంటుంది. రెండు కుర్చీలు వేయించండి. న్యూస్‌ప్రింట్ కాగితం, 6బి పెన్సిళ్లు, ఒక టేబుల్ ల్యాంపు, డజను కోడిగుడ్లు నేను తెచ్చుకుంటాను. గుడ్లు ఉడకబెట్టే తెస్తాను, హాలు వాళ్లు కంగారు పడక్కర్లేదు.

ఇట్లు,
రంగవల్లుల పోటీ ఆవిడ